మూడోసారి కూడా వద్దన్న ఆర్డిస్

అయినా మీరే చెప్పండి, బోరు మోటారు కాలిపోయి, పక్కింటి నుంచి నీళ్ళు మోసుకుంటున్న మనిషి ఎవరైనా వచ్చిన జీతం వెనక్కి ఇచ్చేస్తుందా? ఆర్డిస్ హౌగెన్ ఇచ్చేసింది. ఇవ్వడానికి ఆమె పడ్డ తిప్పలు వింటే నవ్వొస్తుంది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో పైనెక్కడో ఉత్తరాన, చిన్న ఊరు టామరాక్ ఫాల్స్‌లో ఆర్డిస్ స్కూలు బస్సు నడుపుతుంది. మంచుకి రోడ్డు కనపడని పొద్దుల్లో కూడా ఆమె బస్సు ఆగలేదు. వెనక సీట్లో కొట్టుకునే పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపు చూసిందంటే చాలు, కిక్కురుమనరు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఒకసారి వంతెన బాగుచెయ్యరేమని ఊరి మీటింగులో లేచి కేకలేసింది. "అంత తెలిస్తే నువ్వే నిలబడు" అన్నారెవరో. నిలబడింది, గెలిచింది. అప్పట్నుంచి సభ జరిగినన్నాళ్ళూ రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో శాసనసభ్యురాలు, మిగతా రోజుల్లో బస్సు డ్రైవరు. వేసవి సెలవుల్లో బస్సు జీతం ఉండదు. మొగుడు ఓర్విల్ మోకాళ్ళు అరిగిపోయి ఎప్పుడో పని మానేశాడు. వేసవంతా సభ ఇచ్చే జీతమే వాళ్ళకి ఆధారం.

ఆ ఏడు గవర్నరూ సభా బడ్జెట్ దగ్గర బిగుసుకుపోయారు. ఖర్చుకి అనుమతి లేక జూలై ఒకటిన సర్కారు మూతపడింది. పార్కుల గేట్లకి గొలుసులు పడ్డాయి, చేపలు పట్టుకునే లైసెన్సు ఇచ్చే నాథుడు లేడు, రోడ్ల శాఖ వాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. అలా ఇంటికొచ్చినవాళ్ళలో పక్కింటి కర్ట్ ఒకడు. చిన్నప్పుడు ఆమె బస్సెక్కినవాడే.

ఆర్డిస్ పాల క్యాన్లు పట్టుకుని నీళ్ళకోసం వాళ్ళ పెరట్లోకి వెళ్ళింది.

"మిసెస్ హౌగెన్, మా జీతాలు ఆపేశారు, మరి మీది?" అన్నాడు కర్ట్, పైపు క్యాన్లో పెడుతూ. గడ్డం నెరుస్తున్నా వాడి నోట ఇప్పటికీ బస్సులో పిలిచిన పిలుపే.

"నాది వస్తుంది."

"అదృష్టవంతులు."

"నోర్ముయ్. బడ్జెట్ తేల్చలేకపోయింది మేమూ, పస్తులు మీకూనా? నువ్వు పనిలోకెళ్ళేదాకా నేనూ తీసుకోను, పో."

ఈ మాట ఇంట్లో చెబితే ఓర్విల్ మోకాళ్ళు రుద్దుకుంటూ ఖాళీ బకెట్టు వైపు చూశాడు.

"మరి మోటారో?"

"చేతులున్నాయిగా, మోస్తా."

"అయితే నేను స్నానం మానేస్తా."

"మానెయ్. ఎదురుగా అంత సరస్సు ఉంది, వెళ్ళి దూకు."

మర్నాడే, సెయింట్ పాల్‌లో మూతపడకుండా మిగిలిన సభ జీతాల ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడుండేది మార్లిస్. ఆమెదీ ఇలాంటి చిన్న ఊరే, ఇలాంటి పెంపకమే. ఆ పెంపకంలో ఒక పద్ధతుంది. ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకాస్త గట్టిగా వద్దనాలి. మూడోసారి ఇస్తే "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. మొదటిసారికే చెయ్యి చాపారా, ఆబగా ఉన్నారంటారు.

"నా జీతం వద్దమ్మా" అంది ఆర్డిస్.

"అయ్యో, మీరు ఎంత మంచివారండీ" అంది మార్లిస్. అని, చెక్కు పోస్టులో వేసేసింది.

చెక్కు ఇంటికొచ్చింది. ఓర్విల్ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. పాలు తీసినప్పుడల్లా దానివంక చూస్తాడు, తలుపు మెల్లగా వేస్తాడు. అతను ఏమన్నా అన్నా బాగుండేది.

ఆర్డిస్ కాఫీ హోటలుకి వెళ్ళింది. అక్కడ కాఫీ పోసేది కర్ట్ భార్య లవోన్.

"మేడమ్ గారికి సెయింట్ పాల్ నుంచి కవరొచ్చిందట, పోస్టాయన చెప్పాడు. వద్దన్నవాళ్ళకే ముందు పంపిస్తారు కాబోలు!"

అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. మాటకి మాట అప్పగించే ఆర్డిస్ ఆ పూట కాఫీ సగంలో వదిలేసి లేచింది. ఇంటికెళ్ళి మళ్ళీ ఫోను చేసింది.

"నిజంగానే వద్దమ్మా."

"మీరు మరీనూ! ఉంచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు."

అనుకోరట! ఆర్డిస్ మర్నాడు తెల్లారకముందే ఫ్రిజ్ మీది చెక్కు పీకి, కారు తీసి, సెయింట్ పాల్‌లో దిగింది. చెక్కు మార్లిస్ బల్లమీద పెట్టింది.

"ఇంత దూరం వచ్చారా! ముందు కాఫీ తాగండి. ఇంట్లో ఏ అవసరమూ లేదా ఏమిటి?"

"ఎందుకు లేదూ, బోరు మోటారు కాలిపోయింది."

"మరింకేం!" అని మార్లిస్ చెక్కుని ఇటు జరిపింది.

అది మూడోసారి. ఇప్పుడు తీసుకుంటే తప్పుపట్టేవాళ్ళే లేరు. ఆర్డిస్ వేళ్ళు చెక్కుమీదే ఆగాయి. కుంటుతూ సగం క్యాను నీళ్ళు మోసుకొచ్చే ఓర్విల్ కళ్ళముందు కదిలాడు. ఒక్క క్షణం ఆశ పడింది. ఆ తర్వాత చెక్కుని అటు తోసేసింది.

"వద్దు. ఇది మర్యాదకి అనే వద్దు కాదు."

"మూడోసారి కూడానా?" మార్లిస్ నోరు తెరిచింది.

"నాలుగోసారి అడిగి చూడు."

మార్లిస్ చెక్కు మీద రద్దు ముద్ర కొట్టింది. కాసేపటికి బల్లకింద నుంచి ఒక పళ్ళెం తీసింది. రూబార్బ్ అనే పుల్లటి కాడలు వేసి తను ఇంట్లో కాల్చుకొచ్చిన తీపి ముక్కలు. "పోనీ ఇవైనా పట్టుకెళ్ళండి." ఆర్డిస్ వద్దంది, మళ్ళీ వద్దంది, మూడోసారికి పళ్ళెంతో సహా పట్టుకొచ్చింది.

సాయంత్రం నీళ్ళకెళ్ళి, ఆ పళ్ళెం లవోన్ ముందు పెట్టింది.

"చెక్కు ఇచ్చేశారా?"

"ఇచ్చేశా."

లవోన్ ముక్క తీసుకోలేదు. నిండిన క్యాను ఎత్తి, ఆర్డిస్ ఇంటిదాకా తనే మోసుకెళ్ళింది.

ఆ నెల్లోనే సర్కారు తెరుచుకుంది. కర్ట్ రోడ్డు పక్క గడ్డి కోస్తూ, ఆమె కారు కనిపిస్తే హారను మోగిస్తున్నాడు. ఆ తర్వాతి సభ జీతం బాకీలకే సరిపోయి, హౌగెన్ ఇంటి మోటారు మాత్రం బస్సులు మొదలై మొదటి జీతం వచ్చాకే మారింది.

తిరిగివ్వాల్సింది మార్లిస్ పళ్ళెం ఒక్కటే మిగిలిపోయింది. ఎవరి పళ్ళేన్నీ ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఏదో ఒకటి కాల్చి పట్టుకెళ్ళాలి. "ఈ వారం చేసేస్తా" అంటూనే ఉంది ఆర్డిస్. పళ్ళెం ఇంకా కారు వెనక సీట్లోనే ఉంది.