పేర్లు కొట్టే యాదగిరి, ఆయన బొమ్మల భాష

తమ్ముడు చనిపోయాడని ఏడ్చినందుకు బాలమణమ్మను చుట్టాల ఫోన్ గ్రూపులోంచి తీసేశారు. పెద్దదినం కర్మ నాడు ఇంటి గడప తొక్కవద్దని కబురు కూడా పంపారు. ఇది అన్యాయం. ముందు ఈ మాట చెప్పి, ఆ తరువాతే మిగతాది రాయాలని కూర్చున్నాను.

బేగంబజార్‌లో గిన్నెల మీద పేర్లు కొట్టే యాదగిరి ఇక లేడు. పోయిన వారం ఒక మధ్యాహ్నం దుకాణంలో డబ్బా విప్పి అన్నం తిన్నాడు. గోడకు ఒరిగి కళ్ళు మూశాడు. మూసిన కళ్ళు మళ్ళీ తెరవలేదు. పక్కన బిందెల దుకాణం గఫూర్ భాయ్ ఫోన్ చేసి, "నర్సన్నా, యాదగిరి భాయ్ లేస్తలేడు, జల్దీ రా" అన్నప్పుడు, పండుకున్నవాణ్ణి లేపడానికి నేనెందుకని విసుక్కున్నాను కూడా. ఆ మాటకు అర్థం బోధపడగానే దుకాణానికి పరుగెత్తాను. నా ప్రాణమిత్రుడు కీర్తిశేషుడయ్యాడని రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఒప్పుకోవడం లేదు.

అయితే ఒక ఉపశమనం ఉంది. నొప్పి ఎరుగకుండా, ఎవరికీ భారం కాకుండా, కడుపు నిండి పోయాడు. మా వయసువాళ్ళం దేవుణ్ణి అడుక్కునే నిష్క్రమణమదే. ఆయన సంగతిలో నా మనసు తొందరగానే కుదుటపడింది. కుదుటపడనిది ఆయన అక్క సంగతిలో. అదీ నిన్నటితో తీరింది. కనుక తేలికపడిన గుండెతోనే రాస్తున్నాను. కోపం కొంచెం మిగిలి ఉంది, దాన్ని దాచను.

యాదగిరిది గౌలిపురలో బర్రెలు కాసిన కుటుంబం. తల్లి చిన్ననాడే పోతే అక్క బాలమణి పాలు పిండి, గల్లీగల్లీ తిరిగి పోసి, తమ్ముణ్ణి సాకింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. తమ్ముడికి కూడా బడి ఎక్కువ అబ్బలేదు. ఇత్తడి, స్టీలు మీద ఉలి పెట్టి కొట్టీ కొట్టీ తెలుగు, హిందీ, ఉర్దూ లిపులు మూడూ నేర్చుకున్నాడు. నేను రైల్వేలో మూటలు మోస్తూ, పప్పుబెల్లాల పొట్లాల కాగితాలు విప్పి చదివి విద్య గడించినవాణ్ణి. ఇద్దరికీ గురువు లేడు. మైత్రికి అంతకంటే బలమైన పునాది ఏముంటుంది?

పేర్లు ఎవరైనా కొడతారు. యాదగిరి విశిష్టత గుర్తులు కొట్టడంలో ఉండేది. అప్పట్లో పెండ్లి అంటే నలుగురి ఇండ్లలోని గిన్నెలు ఒకచోట చేరేవి. పెండ్లి అయిపోయాక ఎవరివి వాళ్ళు పోల్చుకోవాలి. చదువు రాని ఆడవాళ్ళకు పేరు ఉండీ లాభం లేదు గనుక వాళ్ళకు చిలుకనో, మొగ్గనో, దీపాన్నో కొట్టి ఇచ్చేవాడు. ఒకనాడు చదువుకున్న పెద్దమనిషి ఒకాయన ఒక బిందె ఎత్తి చూసి, "ఇది చిలుకనా, కోడిపెట్టనా?" అని నవ్వాడు. బిందె గల ముసలామె అక్కడే ఉంది. "నాకు చిలుకనే. నీ బిందె గాదు గద, నీకేం కష్టమొచ్చింది?" అంది. యాదగిరి ఆ జవాబును శాస్త్రవాక్యంలా జీవితాంతం పట్టుకున్నాడు. "గుర్తంటే గంతే నర్సన్నా. పెట్టుకున్నోళ్ళకు తెలిస్తె సాలు" అనేవాడు.

అటువంటి మనిషి చేతికి ముదిమిలో బొమ్మల ఫోన్ వచ్చింది. వేలి గోరంత పసుపు ముఖాలు, చేతులు, పూలు, గుండెకాయలు. చూసి పొంగిపోయాడు. "ఇన్నొద్దులు నేను గిన్నెల మీద గొట్టింది గిదే గద!" అన్నాడు. వాటి అర్థాలు పిల్లలనెవరినీ అడగలేదు. తనకు తోచిన అర్థాలు తానే నిర్ణయించి, దుకాణం ముందరి బల్ల మీద మా ముసలివాళ్ళకు పాఠశాల తెరిచాడు. నేనూ, గఫూర్ భాయ్, అప్పుడప్పుడు దబీర్‌పురా నుంచి తమ్ముణ్ణి చూడవచ్చే బాలమణమ్మా విద్యార్థులం.

బొటనవేలు ఎత్తిన బొమ్మంటే ఆయనకు పరమ అసహ్యం. ఒక టోకు వ్యాపారికి "సేఠ్, గిన్నెలు పంపుతున్నరా?" అని రాస్తే అవతలి నుంచి బొటనవేలు వచ్చింది. యాదగిరి ముఖం ఎర్రబడింది.

"సూడు నర్సన్నా, ఏమియ్య పో అని ఠేంగా జూపెడుతుండు! ఇన్నేండ్ల దోస్తానాకు ఇదా మర్యాద?"

"ఠేంగా నై భాయ్," అన్నాడు గఫూర్. "సరే పంపుతా అంటుండు."

"సరే అనేటోడు నోటితోని అంటడు. యేలు జూపెడతడా? మన బస్తీల ఎవనికన్న బొటనయేలు జూపెట్టి సూడు, ఇంటికి సక్కగ పోతవా?"

చెప్పులు వేసుకుని కొట్లాటకు పోయాడు. అక్కడ గిన్నెలు మూటగట్టి సిద్ధంగా ఉన్నాయి. సేఠ్ చాయ్ తాగించి పంపాడు. తిరిగొచ్చి, "మంచోడే, కాని యేలు మాత్రం సాపుడు మానుకోవాలె" అని తీర్పు చెప్పాడు. తన అర్థాన్ని మార్చుకోలేదు.

ఎర్ర గుండెకాయ కథ ఇంకా రసవత్తరం. దాన్ని ఆయన అభయహస్తంగా వాడేవాడు. ఒక ఇల్లాలు బిందెలు ఇచ్చిపోయి, "ఎప్పుడిస్తరు?" అని అడిగితే గుండెకాయ పంపాడు. మరునాడు పొద్దున్నే ఆమె పెనిమిటి దుకాణం మీదికి లొల్లికి వచ్చాడు.

"ఏందయ్యా, నా పెండ్లానికి గుండెకాయ పంపుతవా? వయసేంది, నువ్వేంది?"

"గుండె మీద చెయ్యేసుకొని పండుకోమని చెప్పిన బిడ్డా. ఫికర్ జెయ్యకు, బిందెలు రేపిస్త అని."

"అంత కథ ఉందా దాండ్ల?"

"నీకు గూడ పంపుతా, నంబరియ్యి."

ఆ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. నిజంగానే నంబరు ఇచ్చాడు. తరువాత ప్రతి పండుగకూ ఆయనకు యాదగిరి దగ్గర నుంచి గుండెకాయ పోయేది. అంత నిష్కల్మషంగా తప్పు చేయగలగడం కూడా ఒక యోగమే అనిపిస్తుంది నాకు.

ఇక ఈ వ్యాసానికి మూలమైన బొమ్మ. రెండు కళ్ళలోంచీ నీళ్ళు చిమ్ముతూ, నోరు బార్లా తెరిచిన పసుపు ముఖం. లోకంలో దాన్ని కన్నీళ్ళొచ్చేంత నవ్వుకు వాడతారు. బాలమణమ్మ ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అడిగింది, "ఇది నవ్వుతుందారా, ఏడుస్తుందా?" అని. యాదగిరి చెప్పిన జవాబు నా చెవుల్లో ఇంకా ఉంది. "అక్కా, నోరు సూడకు. నోరు అబద్ధమాడుతది. ఏడ్సేటోని నోరు గూడ గట్లనే తెరుసుకుంటది. కండ్లు సూడు. నీళ్ళున్నయా? నీళ్ళుంటే ఏడుపే." మా అందరికీ అది సమంజసంగానే తోచింది.

నా ఇల్లాలు కన్నుమూసినప్పుడు నా ఫోన్ నిండా జోడించిన చేతులు వచ్చి పడ్డాయి. యాదగిరి దగ్గర నుంచి మాత్రం ఆ ముఖమే వచ్చింది. ఒకటి కాదు, వరుస నిండా. నా కొడుకు చూసి, "బాపు, ఎవడీడు, గిట్ల నవ్వుతుండు?" అని మండిపడ్డాడు. నేను వాడికి చెప్పాను, యాదగిరి వెక్కివెక్కి ఏడుస్తున్నాడురా అని. ఆ వెనకే మనిషి వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు. ఆనాటి సందేశాన్ని నేను చెరపలేదు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. యాదగిరి పోయిన నాటికే బాలమణమ్మ కాలు విరిగి, పట్టీతో మంచంలో ఉంది. దబీర్‌పురా ఇంట్లో మేడమీది గది, ఇరుకు మెట్లు. దించి తీసుకుపోయేలోగా దహనం అయిపోయింది. సాకిన తమ్ముడి కడసారి చూపుకు నోచుకోలేదు. గ్రూపులో దండ వేసిన ఫోటో కనబడింది. దాని కింద, తమ్ముడు నేర్పిన ఏడుపు బొమ్మలను తన చేత్తో వరుసగా పెట్టింది. పది మందిలో ఏడవడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

గ్రూపు నడిపేది శేఖర్, యాదగిరి భార్య సుగుణ తమ్ముడు. ఆమెను తీసేసింది అతనే. నేను ఫోన్ చేశాను.

"ఏందిరా శేఖరూ, ముసలామెను తీసేసినవట?"

"నువ్వు సూడలేదా నర్సన్నా? మా బావ ఫోటో కింద నవ్వుడు బొమ్మలు వెట్టింది, లైను నిండ!"

"అది నవ్వుడు గాదురా. ఏడుపు."

"అందరికి తెలుసు అదేందో. మా అక్కకు ఆమెకు ముందుకెంచి పడదు. గా కసి ఇప్పుడు తీర్సుకుంది."

"మీ బావనే నేర్పిండు ఆమెకు. నా ముంగటనే."

"పోయినోళ్ళ మీదికి తొయ్యకు నర్సన్నా," అని పెట్టేశాడు.

ఎక్కడో ఎవరో గీసిన ముఖానికి ఇంకెవరో చెప్పిన అర్థం శిలాశాసనమా? అదే ఫోటో కింద బొటనవేళ్ళు ఎత్తినవాళ్ళు ఉన్నారు. మనిషి చచ్చిపోయాడంటే శభాష్ అని వేలు ఎత్తినవాళ్ళు మర్యాదస్థులట, ఏడ్చిన అక్క దుర్మార్గురాలట! వదినా మరదళ్ళకు పడని మాట నిజమే. ఏ ఇంట్లో లేదది? దానికి చావును సాక్ష్యానికి పిలుస్తారా?

బాలమణమ్మను చూడబోయాను. మంచం మీద ఫోన్‌ను ఒడిలో పెట్టుకుని ఉంది. "ఏమన్న తప్పు వెట్టిన్నా తమ్మీ? వాడు జెప్పిందే వెట్టిన. కండ్లల్ల నీళ్ళు జూసుకొనే వెట్టిన," అంది. ఫోన్ పక్కన పెట్టి, "సచ్చినప్పుడు సూడనియ్యలే దేవుడు. పెద్దదినానికన్న రానియ్యరా?" అని అడిగింది. లోకం ఆ బొమ్మకు చెప్పుకునే అర్థం నేను ఆమెకు చెప్పలేదు. ఇక ముందూ చెప్పను. ఈ వ్యాసంలోని ఆ భాగాన్ని ఎవరూ ఆమెకు చదివి వినిపించవద్దని మనవి.

ఇంటికొచ్చి సుగుణకు నేరుగా రాశాను. ఒక్క వేలితో, తప్పులు దిద్దుకుంటూ, బల్ల మీది పాఠశాల సంగతంతా రాశాను. కిందనే, నా ఇల్లాలు పోయిన నాడు యాదగిరి నాకు పంపిన ఆ ముఖాల వరుసను ఫోటో తీసి పెట్టాను. "అమ్మా, నీ పెనిమిటి నా భార్య చావుకు నవ్వాడంటావా? అట్లయితే ఆయన అక్క కూడా నవ్వింది" అని ముగించాను. ఆమె చూసినట్టు ఫోన్‌లో నీలి గుర్తు పడింది. జవాబు కోసం ఆ పూటంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగాను. ఆడబిడ్డ లేకుండా పెద్దదినం జరిగితే, ఆ అపచారాన్ని సరిదిద్దడానికి మళ్ళీ ఇంకో దినం రాదు కదా.

యాదగిరీ, బేగంబజార్‌లో పేర్లు కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. నీ కంటే నున్నగా కొట్టే మిషన్లు కూడా వచ్చాయి. అడిగిన మనిషి మనసులో ఉన్న చిలుకను పోల్చుకుని కొట్టేవాడు మాత్రం లేడు, రాడు. నీ స్థానం నీతోనే పోయింది. నీ అర్థాలన్నీ తప్పులే కావచ్చు. వాటిలో ఒక్కటి కూడా ఎవరినీ నొప్పించడానికి పుట్టలేదు. నీకు నా నమస్సులు.

సుగుణ జవాబు నిన్న పొద్దున వచ్చింది. రాయలేదు, గొంతుతో చెప్పి పంపింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"అన్నా, నువ్వు పంపింది సూసిన. నేను తల్లిగారింటికి పోయినప్పుడల్ల ఆయన నాకు గూడ గవే బొమ్మలు పంపుతుండె. నేను లేకుంటె సంబురపడుతుండు అనుకొని ఇన్నొద్దులు కోపం వెట్టుకున్న. వదినెను కుర్చీల కూసోవెట్టి, నలుగురు మోసుకొనన్న తీస్కరాండ్రి. శేఖర్‌గానికి నేను జెప్తా. నేనింక ఏడ్వలే అన్నా. ఆమె వస్తే ఏడుస్త."