పడినవాళ్ల పుస్తకం

మా లెక్కల సారు పోయిన సంగతి నాకు చీర కొలుస్తుండగా తెలిసింది. ఎమ్మిగనూరులో నేతగాళ్లు తెచ్చిన చీరల పొడవూ వెడల్పూ చూసి తీసుకునే గోడౌనులో నా ఉద్యోగం. ఆ పొద్దున మొదటి బస్సుకు ఆదోని నుంచి వచ్చిన ఒక నేతాయన చీరను నా ముందు పరుస్తూ మామూలుగా అన్నాడు.

"అక్కా, మీ లెక్కల సారు నిన్న పోయినాడంట. ఈ పొద్దు మధ్యాన్నం నమాజు అయినాక మట్టి సేస్తారంట. నీకు తెలుసో లేదో అని సెప్తాండా."

నేను కొలత ఆపలేదు. చీర రెండు వేళ్లు పొట్టిగా వచ్చింది. "పొట్టి ఉందన్నా, తీసుకోను" అన్నాను. ఈ ఒక్కసారికి చూడమని బతిమాలాడు. చావు కబురు మోసుకొచ్చిన మనిషి దగ్గర కూడా నేను రెండు వేళ్లు వదల్లేదు. ఆ పాడు గుణం నాకు సారు దగ్గర నుంచే వచ్చింది. చీర తిరగ్గొట్టి, సెలవు చీటీ రాసి ఆదోని బస్సెక్కాను.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మా సారు కళ్లు చిన్నవి, మందపాటి అద్దాల వెనక ఇంకా చిన్నగా కనపడేవి. వాటిని నేను చారెడు చెయ్యను. ఆయన చేసిన మంచి చాలా ఉంది, అంతా చెబుతాను. చేసిన చెడు ఒకటుంది, అదీ చెబుతాను. చదివేవాళ్లు ఎలా తూచుకుంటారో మీ ఇష్టం.

ఆయనకు మంచు ఆటల పిచ్చి. ఆదోనిలో మంచంటే ఐసు ఫ్యాక్టరీలో రంపపు పొట్టు కప్పి పెట్టిన దిమ్మ, అంతే. చైత్రం రాకముందే రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే ఊళ్లో కూర్చుని, సాయంత్రం నమాజు అయ్యాక రేడియోకు చెవి ఆనించి, ఆస్ట్రియాలో కొండ మీంచి ఎవడు ఎంత వేగంగా జారాడో రాసుకునేవారు. గరగరల్లో వినపడనివి మూడు రోజుల తర్వాత లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు పేపర్లో చూసి పూరించేవారు. సెకనులో నూరో వంతు తేడాలు కూడా వదిలేవారు కాదు.

విచిత్రమేమిటంటే గెలిచినవాళ్లను రాసేవారు కాదు. ఆ నోటుపుస్తకం అట్ట మీద 'పడినవాళ్లు' అని ఉండేది. ఏ దేశం, ఏ పోటీ, ఎన్నో మలుపు దగ్గర పడ్డాడు. ఎందుకు సార్ అని అడిగితే, "గెలిచినోడి పేరు పేపరోడు రాస్తాడు. పడినోడి పేరు ఎవరు రాస్తారు? ఎవరో ఒకరు రాయల్ల గదా" అనేవారు. చిన్నప్పుడు నాకది దయలా వినపడేది.

కొన్ని జారుడు పోటీల్లో రెండు పరుగులుంటాయనీ, రెండూ కలిపి లెక్కిస్తారనీ మాకు బోర్డు మీద కొండ గీసి చెప్పింది ఆయనే. "మొదటి పరుగులో పడినోళ్లకు రెండో పరుగు ఉండదు." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. లెక్క తప్పిన పిల్లలకూ, ఆలస్యంగా వచ్చిన పిల్లలకూ అదే మాట.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒకసారి మమ్మల్ని ఐసు ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. దిమ్మ మీది పొట్టు తుడిపించి, చెప్పులు విప్పించి నన్ను ఎక్కించారు. "ఆ దేశాల పిల్లలు దీని మీదే ఆడతారు. ఎంతసేపు నిలబడతావో సూద్దాం." చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. అరికాళ్లు మొదట మండి, తర్వాత నావి కాకుండా పోయాయి. ఏడుపు వస్తున్నా దిగలేదు. చివరికి ఫ్యాక్టరీ మనిషే "పసిబిడ్డప్పా, సాలు" అని నన్ను ఎత్తి దింపాడు. సారు మాత్రం నిమిషాలు రాసుకుని, "దిగలేదు, దింపినారు" అని పక్కన చేర్చారు. ఆ చేర్చిన మాటకు నేను వారం రోజులు పొంగిపోయాను.

ఇక టేబుల్ టెన్నిస్. మా బడి వెనక పాత సామాన్ల గదిని ఊడ్పించి, ఆ ఆటను మా ఊరి మామూలు పిల్లలకు తెచ్చింది సారే. బల్ల కొనే దారి లేక, పక్క బజారులో బట్టలంగడి సేటును పట్టుకుని చెక్క అడిగారు. మూడు గజాల పొడవుండాలని చెబితే, వడ్రంగి తాత ఆ అంగట్లోనే, మీటర్లు వచ్చాక మూలన పడి ఉన్న పాత ఇనుప గజంతో కొలిచి కోశాడు. రెండు ముక్కలు, ఆకుపచ్చ రంగు, అంచుకు తెల్ల గీత. ఆడపిల్లకు ఆటేమిటని మా అమ్మ అంటే ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, రెండు గ్లాసుల టీ తాగి, ఆమె సరే అనేదాకా లేవలేదు. బ్యాటు పట్టడం, అడుగు తిప్పడం, ఓడినప్పుడు చెయ్యి కలపడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఆయన లేకపోతే నాకు పోగొట్టుకోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

నా దెబ్బ పొడుగు. బంతి అంచు దాటి రవ్వంత అవతల పడేది. "అవుట్. చెయ్యి తగ్గించు" అనేవారు సారు. మళ్లీ కొడితే మళ్లీ అవుట్. కోపమొస్తే కర్ణాటక సరిహద్దున ఆయన పుట్టిన కౌతాళం బయటికొచ్చి కన్నడంలో తిట్టేవారు. రెండేళ్లు పట్టింది నాకు చెయ్యి తగ్గించుకోవడానికి. తర్వాత ఆ గదిలో మగపిల్లలెవరూ నా మీద గెలవలేదు.

టేబుల్ టెన్నిస్‌ను ఒలింపిక్స్‌లో చేరుస్తున్నారన్న వార్త వచ్చిన రోజు సారు తరగతిలో లెక్కలు చెప్పలేదు. ఏ ఖండానికి ఎన్ని చోట్లు దక్కవచ్చు, చైనా వాళ్లెందరు, కొరియా వాళ్లెందరు, స్వీడన్ వాళ్లెందరు అర్హత సాధిస్తారు, అన్నీ బోర్డు నిండా రాశారు. మన దేశం నుంచి ఆడపిల్లలకు ఒక్క చోటు దొరికితే గొప్ప అన్నారు. ఆ 'ఒక్క' కింద గీత గీసి మా బెంచీ వైపు చూశారు. నన్నే చూశారని నేను అనుకున్నాను. పిల్లలు అలాగే అనుకుంటారు.

ఆయన జోస్యాలు తప్పేవి కావు. ప్రతి పోటీకి ముందు ఎవరు నిలుస్తారో ఎవరు పడతారో పెన్సిలుతో రాసి పెట్టేవారు. పెన్సిలే గానీ రబ్బరు ముట్టేవారు కాదు. "తుడిపితే అది జోస్యం గాదు, అబద్ధం." పత్తి మార్కెట్ ముందు టీ అంగట్లో ఆయనను ఆట పట్టించేవాళ్లు. "సారూ, ఈ ఏడు పత్తి ఏం రేటు పలుకుతాదో గూడా రాయప్పా." ఆయన టీ ఊదుకుంటూ, "మనిషి యాడ పడతాడో సెప్తా గానీ పత్తి యాడ పడతాదో నాకు తెల్వదు" అనేవారు.

కర్నూలులో, అనంతపురంలో పోటీలకు పోయినప్పుడు నాకు ఒకటే జరిగేది. మొదటి గేములో నా బంతులన్నీ పొట్టిగా, ఎదుటి పిల్ల చావగొట్టడానికి వీలుగా పడేవి. రెండో గేముకు చెయ్యి ఎలాగో సర్దుకునేది, గెలిచేదాన్ని. మూడోది ఒకసారి వచ్చేది, ఒకసారి పోయేది. సారు రాసుకునేవారు.

అలా ఈడ్చుకుంటూనే జిల్లాలో మొదటికి వచ్చాను. హైదరాబాదులో మూడు నెలల శిక్షణకు రమ్మని ఉత్తరం వచ్చింది. అక్కడ నిలిస్తే రాష్ట్రం జట్టు, దాని తర్వాత ఆ 'ఒక్క' చోటు కోసం పోటీ పడే వరసలో చివరన అయినా నిలబడొచ్చు. నాకు పదిహేడేళ్లు. ఆ ఉత్తరం తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

మా నాన్న జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఆయనకు ఆట తెలీదు, సారు తెలుసు. నన్ను వెంటబెట్టుకుని ఆ గదికి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, పాప పోతానంటాండాది. మూన్నెల్లు ఆడ ఒక్కతే ఉండల్ల. వాళ్లమ్మ ఒప్పుకోల్యా. మీరు నిలబడతాది అంటే నేను పంపిస్తా. మీ మాటే నాకు మాట."

సారు నోటుపుస్తకం తెరిచారు. నేను బ్యాటు పట్టుకుని నిలబడే ఉన్నాను. నా ముఖం వైపు చూడలేదు.

"నిలబడదప్పా. మొదటి గేములో పడిపోయే పిల్ల. నువ్వే సూడు, పోయిన ప్రతి ఊర్లో అదే. మొదటి పరుగులో పడినోళ్లకు రెండో పరుగు ఉండదు. ఆశ పెట్టుకోవద్దు."

అని, మా ఎదుటే పెన్సిలు తీసి ఏదో రాశారు. నాన్న దండం పెట్టాడు. సైకిలు మీద ఇంటికి పోతూ, "సారే అన్నాక ఇంకేముందిమ్మా" అన్నాడు, అంతే. అమ్మ ఆ ఉత్తరాన్ని రేకు పెట్టెలో పెట్టేసింది. నేను ఏడవలేదు. సారు అబద్ధం చెప్పరని నాకు తెలుసు. అందుకే ఆ మాట నన్ను నిలువునా కోసింది.

ఆ తర్వాత కొన్ని రోజులకే సారు బల్లను తీయించేశారు. చెదలు పట్టిందన్నారు. పిల్లలు బ్యాట్లు పట్టుకుని వచ్చి ఖాళీ గది చూసి పోయారట. నిజం చెబుతున్నాను, ఆ మాట విని నాకు సంతోషమైంది. జోస్యాలు కూడా మానేశారని విన్నాను. మంచు దేశాల పడినవాళ్లను మాత్రం రాస్తూనే ఉన్నారట. వాళ్లు ఈయన మాట వినరు కదా, వాళ్లకేం నష్టం.

నాకు ఈ గోడౌనులో పని దొరికాక సారు రెండు మూడుసార్లు ఎమ్మిగనూరు వచ్చారు. రిటైరయ్యారు, చిక్కిపోయారు. వచ్చి, నా ఎదురుగా చెక్క పెట్టె మీద కూర్చుని, నేను అడక్కపోయినా నార్వే సంగతులు, స్విట్జర్లాండ్ సంగతులు చెప్పేవారు. నేను పని చేసుకుంటూ ఊ కొట్టేదాన్ని. ఒకసారి నా కొలత కడ్డీని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది సరింగా ఉందా బేటీ? ఎప్పుడైనా సూపించినావా?" అని అడిగారు. సర్కారు ముద్ర వేసిన కడ్డీ సార్ అన్నాను. "అదీ మంచిదే" అన్నారు. లేచి పోతూ వాకిట్లో ఆగి, "పడినోళ్లకు గూడా రెండో పరుగు ఇచ్చే పోటీ ఒకటి ఉంటే బాగుండు" అన్నారు. మంచు సంగతేమో అనుకున్నాను. అది సియోల్ ఒలింపిక్స్‌కు మన జట్టు పోయిన ఏడాది.

మట్టి చేసిన నాడు నేను ఆడవాళ్లతో ఇంట్లోనే కూర్చున్నాను. మూడో రోజు మళ్లీ పోయాను. ఆయన భార్య నన్ను మిద్దె మీదికి తీసుకుపోయింది. అక్కడ చిన్న గదిలో నోటుపుస్తకాల కట్ట ఉంది. "నీకియ్యమన్నాడు బేటీ. నేను పోయినాకనే ఇయ్యల్ల, ముందు వద్దు అన్నాడు. ఏమో, ఎందుకో."

కట్ట అందుకుని బయటికొస్తే, పిట్టగోడ పక్కన ఇటుకల మీద పరిచి మా బల్ల ముక్క ఒకటి. ఆకుపచ్చ రంగు ఎండకు పెచ్చులు లేచింది, తెల్ల గీత అలాగే ఉంది. దాని మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చెద ఎక్కడా లేదు. రోజంతా కొలిచే చేతికి కుదురుండదు. చూడగానే పొట్టి అనిపించింది. సంచిలోంచి టేపు తీసి పట్టాను. సగం బల్ల నాలుగున్నర అడుగులుండాలి. నాలుగు అడుగుల నాలుగు అంగుళాలే ఉంది.

అక్కడే కూర్చుని ఆ ఏడాది పుస్తకం వెతికాను. పడినవాళ్ల వరసలో, ఒక ఆస్ట్రియా అతనికీ ఒక కెనడా అమ్మాయికీ నడుమ నా పేరు. ఊరు ఆదోని. పడిన చోటు: మొదటి గేము. దాని పక్కన సన్నగా, వేరే రోజు రాసిన అక్షరాలు: 'సేటు పాత గజం ఈ పొద్దు కొలిచినాను. దొంగ గజం. బల్ల పొట్టి, దానికే చెయ్యి తగ్గించమన్నాను. పిల్ల పడలేదు.' కింద తేదీ. శిక్షణ మొదలవడానికి అప్పటికి ఇంకా పదకొండు రోజులుంది.

పదకొండు రోజులు. మా ఇల్లు ఆ బడికి రెండు వీధుల అవతల. రెండు గ్లాసుల టీకి ఓపిగ్గా కూర్చున్న మనిషి, ఒక్క మాటకు రాలేకపోయారు. రాసింది తుడపరాదన్న నియమం కాబట్టి తుడపలేదు, పక్కన రాసి మూసి పెట్టుకున్నారు. బతికుండగా నాకు చూపించే ధైర్యం లేదు, చచ్చాక దాచుకునే ధైర్యమూ లేకపోయింది. నాకు బ్యాటు ఇచ్చిన చెయ్యికి ఇప్పటికీ దండం పెడతాను. ఆ పెన్సిలును మాత్రం క్షమించను.

"ఎందుకు బేటీ కొలుస్తాండావు? కావాలంటే తీసుకుపో" అంది ఆమె, మిరపకాయలు తిరగేస్తూ. వద్దమ్మా అన్నాను.

టేపు మళ్లీ లాగి నాలుగున్నర అడుగుల దగ్గర పట్టుకున్నాను. తెల్ల గీత దాటి, అంచు దాటి, టేపు కొస రెండు అంగుళాలు గాలిలో నిలబడి మిద్దె మీది గాలికి అదురుతూ ఉంది. నా బంతులన్నీ అక్కడే పడ్డాయి.