పేరు తీసేసి పంపిన వ్యాసం

పోయిన ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా మేడమ్ గారి చెల్లెలు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు," అన్నారు. నేను బాపట్లలో రైలెక్కి వెళ్ళేసరికి వాళ్ళ వీధంతా ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, బట్టల కొట్లు నడిపేవాళ్ళు, నాలాగా కాలేజీల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళు. అందరికీ ఆమె ఎకనామిక్స్ మేడమ్. నాకు ఇంకొక చుట్టరికం కూడా ఉంది. మేమిద్దరం కలిసి ఒక పరిశోధన వ్యాసం రాశాం. ఆ సంగతే మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమెకు రాయడానికి తీరిక దొరకలేదు. క్లాసులు, పేపర్లు దిద్దడం, మంచాన పడ్డ తల్లికి సేవ. తల్లిని తీసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగిన ఏళ్ళే ఆమెను ఈ విషయం వైపు నడిపించాయని నేననుకుంటాను. రిటైరయ్యాక ఒకరోజు నన్ను ఇంటికి రమ్మన్నారు. "మన డెల్టా ఊళ్ళల్లో జనం వైద్యానికి డబ్బులు ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నారో రాద్దామమ్మా, నువ్వూ నేనూ," అన్నారు. అక్కడే ఉన్న ఆమె పాత సహోద్యోగి ఒకాయన నవ్వారు. "ఇప్పుడెందుకండీ మేడమ్? ప్రమోషనొస్తుందా, పింఛను పెరుగుతుందా?"

"రెండూ రావండి. అందుకేగా నిదానంగా రాసుకోగలిగేది," అన్నారావిడ.

పిట్టలవానిపాలెం, చెరుకుపల్లి, అడవులదీవి తిరిగాం. ఏ ఇంటికి వెళ్ళినా ఆమె ముందు "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగేవారు. ఖర్చు సంగతి ఆ తర్వాతే. "మనిషెలా ఉన్నాడో అడక్కుండా ఎంతయిందని అడిగితే ఆస్పత్రి కౌంటరుకీ మనకీ తేడా ఏంటి?" అనేవారు.

అడవులదీవిలో ఒకావిడ అరుగు మీద రొయ్యలు ఒలుస్తోంది. "మాకేం ఖర్చవలేదమ్మా," అంది. నేను రాసుకుని లేవబోయాను. మేడమ్ లేవలేదు.

"అయితే ఆరోగ్యం బాగానే ఉందన్నమాట?"

"బాగుండటమేంటమ్మా! సంవత్సరం నుంచీ కడుపులో నొప్పి. ఆస్పత్రికి వెళ్తేగా ఖర్చయ్యేది?"

తిరుగు బస్సులో మేడమ్ నా నోట్సు తీసుకుని ఆ ఇంటి వివరాలు మళ్ళీ చదివారు. రేపల్లె వచ్చాక అన్నారు. "చూశావా? లెక్కల్లో ఆవిడది ఏ కష్టమూ లేని ఇల్లు. ఖర్చు సున్నా కదా!" మా వ్యాసానికి గుండెకాయలాంటి భాగం ఆ మాటలోంచే పుట్టింది. డబ్బుల్లేక వైద్యానికే వెళ్ళనివాళ్ళు వైద్య ఖర్చుల లెక్కల్లో సుఖంగా ఉన్నట్టు కనిపిస్తారని రాశాం.

రాయడం ఒక ఎత్తు, పంపడం ఒక ఎత్తు. సారాంశం ఇంత పొడవే ఉండాలి, ఆధారాలు ఫలానా పద్ధతిలోనే చూపాలి, పట్టికలు విడిగా ఎక్కించాలి. జర్నల్ వెబ్‌సైట్ అడిగినవన్నీ ఆమె కొత్త విద్యార్థిలా ఓపిగ్గా నేర్చుకున్నారు. వ్యాసం మీద రచయితల పేర్లు, ఊరు, కాలేజీ ఏవీ కనిపించకూడదన్న నిబంధన చూసి ముచ్చటపడిపోయారు. "ఎంత బాగుందో చూడు! మనం తెనాలోళ్ళమో లండనోళ్ళమో చదివేవాళ్ళకి తెలియదు. మాటలో బలముంటే నిలబడుద్ది, లేకపోతే లేదు."

మొదట పంపిన పత్రిక, ఇది మా పరిధిలోకి రాదంటూ తిప్పి పంపేసింది. అదే రోజుల్లో డబ్బు కడితే వారంలో వేస్తామని ఏదో పత్రిక నుంచి ఈమెయిల్ వచ్చింది. నాకు ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది, అచ్చయిన వ్యాసం ఒకటుంటే అక్కడ పనికొస్తుంది. ఆమెకు చూపించాను. "డబ్బిచ్చి వేయించుకుంటే అది ప్రకటన అవుద్దమ్మా, వ్యాసం అవదు," అని మళ్ళీ మొదటి పేజీ నుంచి దిద్దడానికి కూర్చున్నారు.

రెండో పత్రిక వ్యాసాన్ని పరిశీలకులకు పంపింది. ఒకరు మెచ్చుకున్నారు. ఇంకొకరు, అసలు ఖర్చే పెట్టని కుటుంబాలకు ఈ వ్యాసంలో ఏం పని, ఆ భాగం తీసేస్తే ప్రచురించవచ్చు అన్నారు. తీసేస్తే ఇంటర్వ్యూకి అందుతుంది. ఆ మాటే మేడమ్‌తో అన్నాను. ఆమె కోప్పడలేదు.

"నీ పేరు కూడా ఉంది కదమ్మా. తీసేద్దామంటే తీసేద్దాం. కానీ ముందు ఒకసారి ఆ ఊళ్ళన్నీ వెళ్ళొద్దాం."

వెళ్ళాం. ఈసారి ప్రతి ఇంట్లోనూ కొత్త ప్రశ్న వేశాం. వెళ్ళాల్సి ఉండీ ఆస్పత్రికి వెళ్ళనివాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? చెరుకుపల్లిలో ఒక రైతు తన మోకాళ్ళు చూపించాడు. పిట్టలవానిపాలెంలో ఒక కోడలు లోపలి గదిలోకి వేలు చూపించి గొంతు తగ్గించింది, "మా అత్తగారండి. కోతలయ్యాక తీసుకెళ్దామంటున్నారు." సాయంత్రం బస్టాండులో నేనే అన్నాను, "తీయొద్దు మేడమ్." ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "టిఫిన్ తిందాం పద," అన్నారు. అంతే.

ఆ పరిశీలకుడికి జవాబు ఆమే రాశారు. ఎక్కడా గొంతు పెంచలేదు. కొత్త వివరాలన్నీ పెట్టి, చివర ఒక్క వాక్యం చేర్చారు. వైద్యం అందనివారిని వదిలేస్తే ఈ వ్యాసం వైద్యం కొనుక్కోగలిగినవారి గురించి మాత్రమే అవుతుంది. ఈలోగా నా ఇంటర్వ్యూ అయిపోయింది, ఆ ఏడాది ప్రమోషన్ రాలేదు. వ్యాసం మాత్రం వచ్చింది, ఒక్క భాగమూ పోకుండా. అంగీకరించామన్న ఈమెయిల్ ఫోన్‌లో చదివి వినిపిస్తే, "మెల్లగా ఇంకోసారి చదువమ్మా," అన్నారు. చదివాను. తర్వాత, "మన తెనాలి పేరు ఇప్పుడు వేస్తారు కదా?" అన్నారు, చిన్నపిల్లలా.

వేశారు. ప్రమోషన్ మరుసటేడు వచ్చింది. ఇప్పుడు నా విద్యార్థులకు పరిశోధన గురించి చెప్పాల్సొచ్చినప్పుడల్లా ఆ వ్యాసమే ముందు పెడతాను. మా మేడమ్ రాసిందని చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం వినపడుతుందట. వినపడనివ్వండి.

అచ్చయిన వ్యాసాన్ని ఆమె తెలుగు చేసి అడవులదీవి తీసుకెళ్ళారు. వాళ్ళ గురించి రాసింది వాళ్ళకి వినిపించాలి కదా అన్నారు. నేనూ వెంట వెళ్ళాను. రొయ్యలు ఒలిచేవాళ్ళ మధ్య తిరగేసిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే ఎగదోసుకుంటూ, పాఠం చెప్పినట్టు కాకుండా ఉత్తరం చదివినట్టు చదివారు. సముద్రం గాలికి కాగితాలు ఎగిరిపోబోతే ఇద్దరాడవాళ్ళు చెరోవైపూ వచ్చి కూర్చుని, తడి చేతులు చీరకు తుడుచుకుని, ఆ కాగితాల అంచులు పట్టుకున్నారు. ఆమె చదువుతూనే ఉన్నారు. ఎవరూ లేవలేదు.