తమ్ముడి జాకెట్‌కు కాలర్ దిద్దిన రోజులు

తమ్ముడు పోయాక వాడి తోలు జాకెట్‌ను అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాతకాలం ఫ్యాషన్‌లో వాడు మోజుపడి కుట్టించుకున్నది. వెడల్పాటి కాలర్, ఇత్తడి జిప్పు. సంత్రాగాఛిలో మా క్వార్టర్‌లోని ఇనప్పెట్టెలో ఒక వానాకాలమంతా పడుంది. దుర్గాపూజలు అయ్యాక తీస్తే తెల్లగా బూజు పట్టి ఉంది.

చలి మొదలయ్యే ముందు రజాయిలు, స్వెట్టర్లు మేడ మీద ఎండబెట్టడం ఇక్కడి ఆనవాయితీ. మూడు తరాలుగా బెంగాల్‌లోనే ఉన్నాం కదా, బెంగాలీల కంటే నిష్ఠగా మేమే పాటిస్తాం. చలికాలంలో పసిపిల్లలకు ఆవనూనె రాసి ఎండలో పడుకోబెట్టడమూ ఇక్కడే నేర్చాం. అమ్మ ఆ రెండు మర్యాదలూ జాకెట్‌కు చేసింది. బూజు తుడిచి, ఆవనూనె బాగా పట్టించి, రోజంతా ఎండలో పెట్టింది. నేను సాల్ట్ లేక్ ఆఫీసు నుంచి వచ్చేసరికి కాలర్ నిప్పుల మీద కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయింది.

"నా సేతుల్తోనే పాడు సేసీసినానే. ఆడిది ఒక్కటుంటే అదీ ఉంచుకోనేకపోనాను," అంది అమ్మ. ఏడవలేదు. అన్నం మానేసింది. ఆ కాలర్ బాగుపడితే తప్ప ఆమె తనను తాను క్షమించుకోదని నాకు అర్థమైంది.

భవానీపూర్‌లో తోలు సామాన్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాను. "హోబే నా దీదీ, ఇది బాగవదు. కాలర్ మార్చేద్దాం," అన్నాడు దుకాణదారు. తమ్ముడి మెడ చెమటకు నల్లబడ్డది ఆ కాలరే. అది కోసేశాక ఇంక వాడిదంటూ ఏం మిగులుతుంది? నాకు ఒళ్లు మండింది. ఈ ఊళ్లో "హోబే నా" అన్న ప్రతివాడికీ తలూపితే గ్యాస్ బండ కూడా ఇంటికి రాదు. జాకెట్ చంకలో పెట్టుకుని వచ్చేశాను.

మొక్కజొన్న పిండి చల్లి, నూనె పీల్చనిచ్చి, మెత్తని బ్రష్‌తో దులిపాను. పిండి పసుపెక్కడం మానేదాకా చల్లుతూనే ఉన్నాను. గట్టిగా పిండిన తడిగుడ్డ కప్పి, తోలు కాస్త మెత్తబడగానే క్రీము పట్టించాను. లాగితే పగులుతుంది కాబట్టి లాగలేదు. జాకెట్ మెడ భాగంలో ఉండచుట్టిన తువ్వాలు పెట్టి, దాని మీదుగా కాలర్ మడిచి, గుడ్డముక్కలు అడ్డం పెట్టి క్లిప్పులు తగిలించి, నీడలో ఆరేశాను. తీయగానే మళ్లీ పైకి లేచింది. మళ్లీ తడి, మళ్లీ క్రీము, మళ్లీ క్లిప్పులు.

"ఒగ్గీయే. ఇంకేటీ పనినేదేటి నీకు?" అనేది అమ్మ.

"ఒగ్గను," అనేదాన్ని.

కొన్నాళ్లకు ఎడమవైపు దిగింది. కుడి కొస మాత్రం మొండికేసింది. తువ్వాలుకు ఒంటి వెచ్చదనం ఎక్కడిది? మనిషి మెడ మీదే అది కుదురుకోవాలి. నేను వేసుకుందామంటే, జిప్పు సంగతి దేవుడెరుగు, చేతులే దూరలేదు. తమ్ముడిది అమ్మలా సన్నటి ఒళ్లు.

"నువ్వే ఏసుకోవాలమ్మా. నేకపోతే నిలవదు," అన్నాను.

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని దాన్ని అందుకుంది. తర్వాత నేతచీర మీదే తొడుక్కుని పీట మీద కూర్చుంది. నేను వెనక నిలబడి కుడి కొసను అరచేత్తో అదిమి పట్టాను.

"ఎంత బరువే ఇది. ఎలా మోసీవోడో," అంది.

వాడు పోయాక నా ముందు ఒక్కసారీ కంటతడి పెట్టని మనిషి, వాడి జాకెట్‌లో కూర్చుని భోరున ఏడ్చింది. నేను కాలర్ మీంచి చెయ్యి తియ్యలేదు.