దసరాకి మెరిసిన సిలిండర్

మా ఇంటి ఓనర్ అంకుల్ పోయారు. నారాయణగూడలో మా కాలేజీ స్టాఫ్ రూంలో, పొద్దున మొదటి క్లాసు చెప్పొచ్చి మంచినీళ్లు తాగుతుంటే ఆంటీ ఫోన్ చేసింది. "బిడ్డా, అంకుల్ లేస్తలేడు. ఎంత లేపినా లేస్తలేడు. జర జల్ది రా." ఫిజిక్స్ చెప్పేదాన్ని కదా, ప్రతిదానికీ ఓ ప్రశ్న వేసే పాడు అలవాటు. "మొహాన నీళ్లు చల్లారా ఆంటీ?" అన్నాను. ఎంత తెలివైన ప్రశ్నో! ఆటో చిక్కడపల్లిలో మా సందు తిరిగేసరికి గేటు ముందు బోలెడు చెప్పులు కనిపించాయి. ఆ ఇంటికి ఎప్పుడూ అంతమంది రారు.

పై వాటాలో కిరాయికి దిగినప్పుడు ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న, మీదే ఊరు, మీవారేం చేస్తారు, నీళ్లెన్ని వాడతారు అని కాదు. నేను ఫిజిక్స్ లెక్చరర్నని తెలియగానే చెయ్యి పట్టుకున్నంత పని చేసి కింద షెడ్డులోకి తీసుకుపోయారు. కారు లేని కారు షెడ్డు అది. ఓ చిన్న లేత్ మిషన్, ఓ బల్ల, బల్ల మీద పాత ధోవతి ముక్క కప్పిన వస్తువొకటి. గుడ్డ తీసి, "గాలి యాడికి పోతున్నది బిడ్డా, జర చెప్పు," అన్నారు.

అదొక పెట్రోలు ఇంజిన్. గుప్పిట్లో పట్టేంత. చూడ్డానికి బొమ్మే గానీ ఉత్తుత్తి బొమ్మ కాదు. పిస్టన్, వాల్వులు, పక్కన తిప్పే చక్రం, ఒక్క ప్లగ్గు తప్ప అన్నీ ఆయన చేతుల్లో పుట్టినవే. ఉద్యోగం చేసినంత కాలం ఫ్యాక్టరీలో లేత్ మీద ఇనుము చెక్కిన మనిషి, రిటైరయ్యాక తన కోసం చెక్కుకున్నది అదొక్కటే. అన్నీ ఉన్నాయి, ఒక్క కంప్రెషన్ లేదు. చక్రం తిప్పితే పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని గట్టిగా నొక్కాలి. ఆ గాలి చక్రం తిప్పే వేలిని వెనక్కి తన్నాలి. అప్పుడే ఇంజిన్ అంటుకుంటుంది. ఆయన ఇంజిన్ తన్నేది కాదు. ఎంత తిప్పితే అంత మెత్తగా తిరిగేది. గాలి ఎక్కడో సందు చూసుకుని జారిపోయేది.

"ఒక్కపారి టుక్ టుక్ అంటే సాలు. నేను ఇనాలె, గంతే," అనేవారు.

అదీ ఆయన కోరిక. చిన్నదే. చిన్నవే తీరకుండా చంపుతాయి మనుషుల్ని.

ముహూర్తం ఏటా దసరాకే. ఆయుధపూజ నాడు ఆంటీ లేత్‌కీ, కుట్టుమిషన్‌కీ, నా స్కూటీకీ బొట్లు పెట్టి, చివరికి ఇంజిన్ ముందు కొబ్బరికాయ కొట్టేది. అంకుల్ ఉతికిన చొక్కా వేసుకుని, మా ఆయన్ని కూడా నిద్ర లేపి నిలబెట్టి, తాడు చుట్టి చక్రం లాగేవారు. లాగేవారు, లాగేవారు. కొబ్బరి ముక్కలు అయిపోయేవి. "వచ్చే దసరాకు చూద్దాం తియ్," అని గుడ్డ కప్పేవారు.

ఆ పూజకి ముందు ఆయనదొక పద్ధతి ఉండేది. ఇంజిన్ మొత్తం విప్పి, పిస్టన్ ఆడే సిలిండర్ లోపల మెరుగుపెట్టే సన్నటి పేస్టు పూసి, కర్రకి చుట్టిన గుడ్డతో రోజుల తరబడి రుద్దేవారు. "పండుగకు మీరు గిన్నెలు తోముకోరా? నేను నా సిలిండర్ తోముకుంట." లోపలికి చూస్తే మన మొహం మనకి కనపడేది. అంత అందంగా మెరిసేది ముండాది.

ఓ ఆదివారం ఇద్దరం పంతం పట్టి కూర్చున్నాం. ఆంటీ బియ్యం కడిగే బేసిన్‌లో నీళ్లు పోసి, వాల్వులున్న పై భాగాన్ని తలకిందులుగా ముంచి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. బుడగలొస్తే వాల్వుల దగ్గర కారుతున్నట్టు. ఒక్క బుడగ రాలేదు. ఆయన మొహం చూడాలి! పాసైన పిల్లాడి మొహం. నేనూరుకోవచ్చుగా. "అయితే లోపం సిలిండర్‌లో ఉందేమో అంకుల్. ప్లగ్గు తీసి లోపల చుక్క ఆయిల్ వేద్దాం. ఆయిల్ సందుల్ని మూసేస్తుంది. అప్పుడు గనక వేలిని తన్నిందంటే సిలిండర్ అరిగినట్టే," అన్నాను.

"నా సిలిండరా?" అన్నారాయన. "ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? జిందగంత గదే పని చేసిన. నా చేతుల అరుగుతదా అది?"

"ఏటా రుద్దుతున్నారు కదండీ. ప్రతి దసరాకీ వెంట్రుకవాసి పోయినా..."

"అండీ అండీ అనుకుంట మెల్లగ గొంతు కోస్తవ్ నువ్వు." గుడ్డ కప్పేశారు. ఆంటీ పక్కనించి, "ఉన్న మాటంటే గట్ల ఉరుకుతవేంది?" అంది. బేసిన్ తీసుకుని నేనే వెళ్లి కడిగిచ్చాను. నాకూ కోపమొచ్చింది. మెట్ల మీద ఎదురుపడ్డా తల తిప్పుకున్నాం కొన్నాళ్లు. తర్వాత ఆంటీతో సర్వపిండి పంపించారు, రాజీకి వచ్చినట్టు. ఆయిల్ సంగతి మాత్రం మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

సాయంత్రాలు అశోక్‌నగర్ దాకా నడిచి వెళ్లి చాయ్ తాగేవారు. ఇంజిన్ విప్పి ఉన్న రోజుల్లో చొక్కా జేబులో పిస్టన్ ఉండేది. బండి దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలకి తీసి చూపించేవారు. "వాళ్లు నౌకరీ కోసం పరేషాన్, నేను గాలి కోసం పరేషాన్," అని నాతో నవ్వారోసారి. తొందర పెట్టే వాళ్లెవరైనా వస్తే, "తొందరున్నోడు బస్సెక్కాలె, ఇంజన్ చెయ్యొద్దు," అనేవారు. ఆ మాట నేను క్లాసులో ఎన్నిసార్లు వాడుకున్నానో. పాపం, తొందర లేని మనిషి. ఆయనకే టైం లేకుండా పోయింది.

కర్మలన్నీ అయ్యాక ఆంటీ నన్ను కిందికి పిలిచింది. షెడ్డు తలుపు తీసి, "గిది నువ్వే తీస్కపో బిడ్డా. నా కండ్ల ముందర వద్దు," అంది. గుడ్డ తీశాను. ఏదో అలవాటుగా చక్రం తిప్పాను.

వేలిని తన్నింది.

"ఆంటీ! ఉంది! కంప్రెషన్ ఉంది!" అని సందంతా వినపడేట్టు అరిచాను. ఆంటీ పరుగున వచ్చి చక్రం మీద నా వేలి పక్కన తన వేలు పెట్టింది. మళ్లీ తిప్పాను. తన్నింది, కొంచెం. ఇంకోసారి తిప్పాను. మెత్తగా తిరిగిపోయింది, ఎప్పటిలాగే. ప్లగ్గు విప్పి చూస్తే అంచున తడి. ముట్టుకుంటే నూనె.

లోపల నూనె ఎప్పుడూ ఉండదు. ఆ మెరుపు మాసిపోతుందని పొడిగుడ్డతో తుడిచి గానీ ఆయన బిగించరు.

"అంకుల్ దీన్ని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు ఆంటీ?"

"పొయ్యే ముందురోజు పొద్దుగూకంగ. నా కుట్టుమిషన్ నూనె డబ్బా అడిగిండు. ఎందుకంటే చెప్పలే. చక్రం తిప్పుకుంట కూసున్నడు జరసేపు. చాయ్ ఇస్తే తాగలే. మల్ల దాని మీద ఏందో బిగించిండు," అని లేత్ వైపు చూపించింది.

లేత్ నోట్లో కొత్త ఇనుప ముక్క ఉంది. గుండ్రంగా, సిలిండర్‌కి సరిపోయే లావులో. ఇంకా ఒక్క గీత కూడా పడలేదు.

ఒప్పుకున్నారన్నమాట. అన్నేళ్లూ తన చేత్తోనే, ముద్దు చేసి, రుద్ది రుద్ది పాడు చేసుకున్నానని ఒప్పుకుని, మళ్లీ మొదటి నుంచి చేద్దామని లేచి ఇనుము బిగించారు. ఒక్క మాట పైకి కేకేసి చెప్పొచ్చుగా! మెట్లు దిగి రానా నేను? చక్రం తన్నినప్పుడు ఆయన వేలి పక్కన నా వేలు ఉండేది కదా. పోనీ, ఒంటరిగా ఆ నిజం తెలుసుకుని, చాయ్ కూడా తాగకుండా పడుకోవడమేమిటి?

"ఇప్పుడు గిది నడుస్తదా బిడ్డా?" అని అడిగింది ఆంటీ.

ఆయన చేసినట్టు సిలిండర్ చేయడం నాకు రాదు. నాకు బోర్డు మీద బొమ్మ వేయడం వచ్చు. "నడవదు ఆంటీ," అన్నాను. ఆవిడ లేత్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆపలేదు.

దసరా వచ్చింది, వెళ్లింది. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో పండగ లేదు. మా వాటాకి తెచ్చుకున్న ఇంజిన్‌ని ఎవరూ విప్పలేదు, తోమలేదు. ఆంటీకి చెప్పి ఓసారి షెడ్డు తీశాను. వానలకి ఆ కొత్త ఇనుప ముక్క మీద సన్నగా తుప్పు మొదలైంది. బల్ల మీద ఆయన రుద్దుడు గుడ్డ అలాగే ఉంది. తీసుకుని ఆ ముక్క దాకా వెళ్లాను. రుద్దబోయి, చెయ్యి రాక, గుడ్డని మళ్లీ అక్కడే పెట్టేశాను.