బాపమ్మ పగటి డ్యూటీ

మా చిన్నప్పుడు... పొద్దున ఏడు కాకముందే, గల్ఫ్‌లో వాడి కబీర్ పేటలోని మా బిల్డింగ్ ఖాళీ అయిపోయేది. స్కూలు బస్సులు, కంపెనీ బస్సులు... మెట్ల నిండా చెప్పుల చప్పుడు, ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. మొదటి అంతస్తులోని మా ఫ్లాట్లో ఒక్కతే మిగిలేది బాపమ్మ... మా బాపు వాళ్ళమ్మ.

జగిత్యాల పక్క పల్లెలో నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. తాత పోయాక బాపు తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇక్కడ ఒళ్ళో చాట లేదు, చుట్టూ ఆడవాళ్ళ ముచ్చట్లు లేవు... ఏసీ కింద సోఫాలో కూర్చునే ఉండేది. వేళ్ళు మాత్రం వాటంతట అవే ఏదో చుడుతున్నట్టు కదిలేవి. రెండు నెలలకే మోకాళ్ళు బిగిశాయి. గోడ పట్టుకుంటే తప్ప నడవలేకపోయేది.

తర్వాత ఏం జరిగిందో గానీ, నెల తిరిగేసరికి మనిషి మారిపోయింది. పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, "నాకు టైమైతుంది" అంటూ కొత్త చాటొకటి చంకన పెట్టుకుని పైమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది!

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. బాపు పెట్టె అడుగున దొరికిన పాత కరపత్రాలన్నీ చదివేసి ఉన్నాను. శ్రమ, దోపిడీ, హక్కు... అన్నం తింటున్నా నోట్లో అవే మాటలు.

ఒకరోజు పరీక్షలని స్కూలు తొందరగా వదిలారు. ఇంట్లో బాపమ్మ లేదు. వెతుక్కుంటూ పైకి వెళితే మూడో అంతస్తులో విజయ ఆంటీ వాళ్ళ తలుపు తీసి ఉంది. వాళ్ళది కాకినాడ. లోపల బాపమ్మ కింద చాప మీద కూర్చుని చాటెడు వెల్లుల్లి ఒలుస్తోంది... ఆంటీ సోఫాలో కాళ్ళు ముడుచుకుని నవ్వుతూ కబుర్లు చెబుతోంది!

ఒళ్ళు మండిపోయింది నాకు. "మా బాపమ్మ మీ పనిమనిషా ఆంటీ? దీన్నే శ్రమ దోపిడీ అంటారు!"

ఆంటీ మొహం వాడిపోయింది. "అదేంటమ్మా సంధ్యా... అంత మాటనేశావు?"

"ఏయ్ పోరీ, నోర్ముయ్!" అంటున్న బాపమ్మను చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చేశాను. గెలిచాననే అనుకున్నాను...

మర్నాడు బాపమ్మ చీర మార్చుకుని తలుపు దాకా వెళ్ళింది. ఆగింది. "ఇగ ఏ మొఖం పెట్టుకొని పోవాలె" అని వెనక్కొచ్చి కూర్చుంది. అమ్మ అడిగితే "కాళ్ళు గుంజుతున్నయ్" అంది గానీ నా పేరెత్తలేదు. మూడోరోజు స్నానం మానేసింది. నాలుగోరోజు సోఫాలోంచి లేవబోయి... లేవలేక నన్ను పిలిచింది. ఆ చెయ్యి నా భుజం మీద ఎంత బరువుగా పడిందో!

భయమేసి, ఆ సాయంత్రం అమ్మకు జరిగిందంతా చెప్పేశాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, బ్యాగు కూడా దించలేదు.

"ఆ ఎల్లిపాయలు ఎవలు కొన్నరనుకున్నవే? నేనే కొని విజయక్కకిచ్చిన!"

"ఎందుకు?"

"అత్తమ్మ మెట్లెక్కాలె, మనుషులతోని మాట్లాడాలె అని! వాళ్ళింట్ల ఎల్లిపాయ ముట్టనే ముట్టరే పిచ్చిదానా. నెల నుంచి మనం రోజూ ఎల్లిపాయ కారం ఎందుకు తింటున్నమనుకున్నవ్?"

వంటింటి గడప దాటనివ్వని వస్తువును, చాప వేసి మరీ హాల్లో ఒలిపించుకుంది విజయ ఆంటీ... ఒక ముసలామెకు తోడు కూర్చోవడానికి! డ్యూటీకీ వంటకీ మధ్య ఈ ఏర్పాటంతా ఎవరికీ తెలియకుండా చేసింది మా అమ్మ! మనిషి చేతిలోంచి పని లాగేయడం కూడా దోపిడీయేనని నా కరపత్రాల్లో ఒక్కదాన్లోనూ లేదు.

పైకెళ్ళి తలుపు కొట్టాను. "ఆంటీ... తప్పైంది. బాపమ్మను రేపు పిలవండి."

"పిలవడమేంటమ్మా? లాక్కెళ్ళిందానివి నువ్వే, తీసుకురావాల్సిందీ నువ్వే! మీ మామ్మగారొచ్చాక తీరిగ్గా చేద్దువుగాని నీ విప్లవం" అంది, నవ్వు ఆపుకుంటూ.

మర్నాడు శుక్రవారం, సెలవు. బాపమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. నిజం దాచడం నా వల్ల కాలేదు...

"బాపమ్మా, వాళ్ళసలు ఎల్లిపాయ తిన..."

"ఎరుకే బిడ్డా. ఇన్ని దినాలల్ల వాళ్ళ పొయ్యి మీద ఆ వాసన ఒక్కనాడన్న వస్తే గదా! నాకు ఆ పిల్ల ముచ్చట్లు కావాలె, ఆ పిల్లకు నా ముచ్చట్లు కావాలె." గొంతు తగ్గించింది. "మీ అమ్మకు చెప్పకు. పాపం, నాకు తెల్వదనుకుంటంది."

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగింది బాపమ్మ... గోడ పట్టుకోకుండా.

ఇప్పుడు మేముండేది ఇదే ఊరి చివర, మబేలాలో. లిఫ్టుంది. ఫోన్లో నొక్కితే కూరగాయలు గుమ్మంలోకి వస్తాయి. అమ్మ డ్యూటీ మానేసింది. మొన్న పొద్దున "రెస్ట్ తీసుకో అమ్మా" అని గొప్పగా చెప్పి వెళ్ళాను... సాయంత్రం వచ్చేసరికి అదే కుర్చీలో, అదే కిటికీ వైపు చూస్తూ ఉంది. నా మీద నాకే ఎక్కడలేని కోపం వచ్చింది. రెండేళ్ళయింది వచ్చి, ఎదురింటివాళ్ళ పేరు కూడా తెలియదు మాకు. అత్తగారి కోసం అమ్మ అంతస్తులెక్కి తలుపులు కొట్టింది... అమ్మ కోసం ఎదురు తలుపు దాకా నాలుగడుగులు, నేనింకా వెయ్యలేదు.

ఈ శుక్రవారం వేస్తాను. పగటిపూట మీ పెద్దవాళ్ళను "రండి, కూర్చోండి" అనే ఇల్లు మీకు ఎలా దొరికింది? తలుపు తెరిచాక మొదటి మాట ఏమన్నారు? కాస్త చెప్పండి... నాకు దెబ్బలాడడం వచ్చినంత బాగా అడగడం రాదు.