దీని నోరెక్కడ?

మా అత్తయ్య వెంకటేశ్వరమ్మ చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వకూడదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఇస్తాం, ఇవ్వకపోతే చాకు మొనతో విప్పుతుంది. మందు కొట్టే స్ప్రేయర్, మిక్సీ, ఇన్వర్టర్, ఏదైనా సరే, ఆవిడ లోపల చూడని వస్తువు మా ఇంట్లో లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా హెయిర్ డ్రయ్యర్ విప్పి మళ్లీ బిగించింది. ఒక స్క్రూ మిగిలిపోయింది. డ్రయ్యర్ మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా తిరుగుతోంది. మరి ఆ స్క్రూ దేనికి ఉండేదో తేలక నాకు ఒళ్లు మండుతూ ఉంటుంది.

అలాంటి మనిషి నా కంప్యూటర్ జోలికి రాకుండా ఉంటుందా?

మాది ప్రత్తిపాడు అవతల పల్లె. మిరప, పత్తి వేస్తాం. మా ఆయన ప్రేమ్‌చంద్ గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. నేను పెళ్లికి ముందు త్రీడీ యానిమేషన్ నేర్చుకున్నాను, పెళ్లయ్యాక దాన్ని చేతులారా మరిచిపోయాను. ఈ మధ్య గుంటూరులో ఒక ఆఫీసువాళ్లు నాకు ఒక ఇంటి ప్లాను పంపారు. ఇంకా కట్టని ఇళ్లను కట్టేసినట్టే వీడియోలో తిప్పి చూపించడం వాళ్ల పని. సోమవారం పొద్దునకల్లా నమూనా వీడియో పంపితే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం నాకు, లేకపోతే ఇంకొకరికి. నా దగ్గరున్నదేమో మిర్చియార్డులో కమిషన్ కొట్టువాళ్లు వదిలించుకున్న బుడ్డ డెస్క్‌టాప్. అందులో ఆ వీడియో తయారయ్యేసరికి అసలు ఇంటికి గృహప్రవేశం కూడా అయిపోతుంది. బొమ్మల పనంతా నెత్తినేసుకునే గ్రాఫిక్స్ కార్డు లేనిదే కుదరదు.

శనివారం కార్డు కొనడానికి బ్రాడీపేట బయల్దేరాను. అత్తయ్య నాకంటే ముందే ఆటోలో కూర్చుంది. అక్కడ కంప్యూటర్ కొట్టు నడిపే సిలార్ ముందు అడిగింది నా కంప్యూటర్ పెట్టె కొలతలు. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య కొంగు ముడి విప్పి ముళ్లేసిన పురికొస ఒకటి బల్లమీద పరిచింది.

"ఇదిగో నాయనా, ఈ ముడిదాకా పొడుగు. ఇక్కడిదాకా ఎత్తు. పక్కన ఇంకాస్త లావు పట్టుద్దనుకోమాక, అక్కడ ఏందో డబ్బా అడ్డముంది."

నేను స్నానానికి వెళ్లినప్పుడు నా పెట్టె విప్పి కొలిచిందన్నమాట. చేలో సాళ్లు కొలిచినట్టు. సిలార్ ఆ తాడుని స్కేలు మీద పెట్టి చూసి, నవ్వు ఆపుకుంటూ ఒక పొట్టి కార్డు తీశాడు.

"మీ పెట్టెలో కరెంటిచ్చే డబ్బా చిన్నది పెద్దమ్మా. వేరే వైరు అక్కర్లేని కార్డే పెట్టాలి. పెట్టెకి బిగించడానికి దీని చివరనున్న పొడుగు రేకు ఊడదీసి, అట్టపెట్టెలో ఉన్న పొట్టి రేకు బిగించుకోండి. లేదంటే మూత పడదు."

"పొట్టి పెట్టెకి పొట్టి రేకు. బాగానే ఆలోచించారే," అంది అత్తయ్య, ఆ కార్డు చేసినవాళ్లు ఎదురుగా ఉన్నట్టు.

ఆదివారం పొద్దున ప్లగ్గు పీకి, పెట్టెను మంచం మీద పెట్టి మూత తీశాను. లోపలంతా ఎర్రటి దుమ్ము. యార్డులో ఎన్నాళ్లు పీల్చిందో, ఫ్యాను రెక్కలకి కారం పట్టేసి ఉంది. ఇద్దరం తుమ్మీ తుమ్మీ కళ్లు తుడుచుకున్నాం. అత్తయ్య లేచి వెళ్లి నా డ్రయ్యర్ పట్టుకొచ్చి, పెట్టెను వాకిట్లో పెట్టి చల్లగాలితో ఊదింది. ఆ ఒక్క స్క్రూ లేకుండానే.

రేకు మార్చడం కూడా ఆవిడే చేసింది. చిన్న స్క్రూలు నా వేళ్లకి చిక్కలేదు, ఆవిడ చేతికి చెప్పినట్టు వినేశాయి. తర్వాత కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మాయ్, దీని నోరెక్కడ?"

నాకు సోమవారం తప్ప ఇంకేదీ పట్టడం లేదు. "ఇదిగో, ఈ బంగారు పళ్లున్న అంచు. కరెంటు తినేది ఇక్కణ్ణుంచే," అని చెప్పి, మా ఆయన ఫోన్ వస్తే పక్కగదిలోకి వెళ్లాను. తిరిగొచ్చి, అత్తయ్య అందించిన కార్డుని చూసుకోకుండా స్లాటులో పెట్టి నొక్కాను. టక్కుమంది. మూత వేసి, తెర వైరు కార్డుకి తగిలించి స్విచ్చి వేశాను.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఆపి మళ్లీ వేసినా అంతే. కార్డు తీసేసి వైరు పాతచోట పెడితే బొమ్మ వచ్చింది. కార్డే చచ్చింది.

"ఏం చేశారత్తయ్యా? ఏదో ఒకటి విప్పందే మీకు తెల్లవారదా?" అని గట్టిగానే అరిచాను. ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని స్క్రూడ్రైవర్ ఒళ్లో పెట్టుకుంది.

సిలార్‌కి ఫోన్ చేశాను.

"కార్డు అంత తేలిగ్గా పోదండి. బంగారు అంచుకి ఏమన్నా అంటిందేమో చూడండి."

కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. అంచు మధ్యలో పసుపు, దాని మీద కుంకుమ.

"బొట్టండి," అన్నాను.

"బొట్టేంటండి?"

"బొట్టే."

"పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దండి. తడి పూర్తిగా ఆరనిచ్చి, స్లాటు కూడా బ్రష్షుతో దులిపి పెట్టండి. కాలిపోకుండా ఉంటే వస్తుంది," అన్నాడు.

పాల లెక్కకి క్యాలెండర్ పక్కన వేలాడదీసిన పెన్సిలుకి రబ్బరుంది. అత్తయ్య కార్డు తీసుకుని, స్ప్రేయర్ ప్లగ్గు శుభ్రం చేసినట్టే, ఒక్కో పన్నూ రుద్దుతూ తలెత్తకుండా అంది:

"బోరు మోటారు కొన్నప్పుడు బొట్టు నోటి దగ్గరే పెట్టాం. స్ప్రేయర్‌కీ అంతే. నోరిదేనని నువ్వే గదా చెప్పింది."

"చెప్పాను లెండి."

"నా పెళ్లికి ముందు ప్రత్తిపాడులో మోటార్లు బాగుచేసే షాపుండేది. అక్కడ పనికి పోతానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నిన్నేమో పనికి పెట్టుకుంటామని ఆ ఆఫీసోళ్లే అంటున్నారు గదా. నాకు మా చెడ్డ సంతోషమేసిందే. అందుకని కాస్త పెద్దబొట్టే పెట్టా."

నేను స్లాటు దులుపుతూ కూర్చున్నాను.

ఎండలో ఆరబెట్టి, ఈసారి ఆవిడ చేతే నొక్కించాను. టక్కుమంది. స్విచ్చి వేశాను. తెర మీద వెలుతురు వచ్చింది. అత్తయ్య స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది.

కుక్కరు దించేసరికి సగం వీడియో తయారైంది. అత్తయ్య తెరకి ముక్కు ఆనించి, "ఆ తలుపు తియ్యి, లోపలికి పోనీ. ఆ వెనక గదిలో ఏముంది?" అంటూ లేని ఇల్లంతా తిరిగింది. సాయంత్రానికి వీడియో పంపేశాను.

సోమవారం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పని నాకే ఇచ్చారు. కుంకుమ భరిణె తెచ్చి అత్తయ్య చేతికిచ్చి, పెట్టె ముందువైపు స్విచ్చి పక్కన చూపించాను.

"ఇక్కడ పెట్టండి. అసలు నోరు ఇదే."

ఆవిడ పెద్దబొట్టే పెట్టింది. తర్వాత నా వైపు అనుమానంగా చూసి, "మరి నిన్న చెప్పింది అబద్ధమా? అసలీ కార్డు తిన్నదంతా ఎక్కడికి పోతుందే?" అంది.

నేను ప్లగ్గు పీకి, స్క్రూడ్రైవర్ తీసి ఆవిడ చేతికిచ్చాను.